పదిహేను వాట్ల నక్షత్రం

“వైరింగే. నూటికి నూరుపాళ్ళూ వైరింగే!” అంటూ కూర్మారావు కాలిపోయిన స్విచ్‌బోర్డు మీద చేతికర్రతో టకటకా కొట్టాడు. “రాసి సంతకం పెట్టేయండి కొత్తకోడలు గారూ. ఇంటికెళ్ళి మీ ఆయనకి వంట చేసుకోవచ్చు.”

“మా ఆయనే నాకు వండి పంపించాడండీ. కోడిగుడ్ల పులుసు,” అంది సుకీర్తి. అని, నుదుటికి కట్టుకున్న లైటు వెలిగించింది.

ఆ లైటు ఆమెకి పెళ్ళికానుక. బంధువులందరూ కుక్కర్లూ, గోడ గడియారాలూ ఇచ్చారు. పెళ్ళికొడుకు ఎబెనేజర్ మాత్రం ఈ తలలైటు కొని, “రెండు చేతులూ ఖాళీగా ఉంటే పని బాగా చేసుకుంటావు,” అన్నాడు. దాని మీట నొక్కినప్పుడల్లా సుకీర్తికి మళ్ళీ కొత్తగా పెళ్ళయినట్టు ఉంటుంది. ఇప్పుడు కూడా అలాగే ఉంది. మసిబారిన గదిలో నిలబడి మురిసిపోవడం ఏమీ బాగుండదని పెదవులు బిగించుకుంది.

అగ్నిప్రమాదాల మీద విచారణ చేసే ఉద్యోగం ఆమెది. పెళ్ళితోపాటే విశాఖపట్నం నుంచి జంషెడ్‌పూర్‌కి బదిలీ అయింది. బీమా కంపెనీ ఇక్కడ అప్పజెప్పిన మొదటి కేసు ఇదే: కాసిడీహ్‌లో తెలుగువాళ్ళుండే పేటలోని జ్ఞానరత్నమ్మగారి ఇల్లు. శనివారం రాత్రి ముందుగది అంటుకుంది. వెనకగదిలో ఒంటరిగా పడుకున్న ముసలావిడని పక్కవాళ్ళు పెరటి తలుపు విరగ్గొట్టి బయటికి తెచ్చారు. పొగ మింగి ఆస్పత్రిలో ఉంది. నెల క్రితం ఈ ఇంటికి కొత్తగా వైరింగు చేసిన బలరామ్‌ని నిన్న పొద్దున్నే పోలీసులు పట్టుకుపోయారు.

కూర్మారావు రిటైరైన పోలీసు ఎస్సై. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. జ్ఞానరత్నమ్మ చెల్లెలి కొడుకు ప్రవీణ్ ఆయన్ని పెట్టుకున్నాడు. తప్పు ఎలక్ట్రీషియన్‌దేనని ఆయన నిన్ననే తేల్చేశాడు. సుకీర్తి కూడా అదే మాట రాస్తే సాయంత్రానికి బలరామ్ కోర్టుకీ, అక్కణ్ణించి జైలుకీ వెళతాడు.

గేటు దగ్గర బలరామ్ తల్లి సింహాచలమ్మ చతికిలబడి కూర్చుని ఉంది. సుకీర్తి లోపలికి వచ్చేటప్పుడు చెయ్యి పట్టేసుకుంది.

“నా కొడుకు జాయింటు సుట్టాడంటే నాలుగుసార్లు లాగి సూత్తాడు తల్లీ. అన్నం దగ్గిర కూకున్నా ఆ తీగల గొడవే ఆడికి. ఆడు ఇల్లు తగలెట్టడం ఏటమ్మా?”

“నేను మాట ఇవ్వలేనమ్మా. కానీ చూడకుండా మాత్రం ఒక్క అక్షరం రాయను,” అంది సుకీర్తి.

ఇప్పుడు చూస్తోంది. స్క్రూడ్రైవర్ తీసి బోర్డుని గోడ నుంచి ఊడదీసింది. పైన ప్లాస్టిక్ కరిగి ముద్దయిపోయింది. వెనక పైపులోంచి వచ్చిన తీగలు మాత్రం ఎర్రగా, పచ్చగా, నిన్న కొన్న గాజుల్లా మెరుస్తున్నాయి.

“చూశారా కూర్మారావు గారూ? మంట ఇక్కడ పుట్టుంటే ముందు కాలాల్సింది ఈ తీగలే. బోర్డు ముఖం కాలింది, వీపు కాలలేదు. అంటే మంట ఎక్కడినుంచో వచ్చి దీనికి అంటుకుంది.”

“ముఖమూ వీపూనా? కేసా, ఫొటో స్టూడియోనా? నేను ముప్పయ్యేళ్ళు ఖాకీ వేసుకున్నానమ్మా. మంటలు మీ పుస్తకాలు చదివి రావు.”

“పుస్తకం వద్దులెండి. పైకి చూడండి.”

గది నడిమధ్య దూలానికి ఒక పాతకాలపు బల్బు వేలాడుతోంది. ట్యూబులైట్ల పాలవెలుగు జ్ఞానరత్నమ్మకి గిట్టదట. అది పగల్లేదు కానీ గుండ్రంగా కూడా లేదు. ఒకపక్కకి బుడిపెలా ఉబ్బి, ముక్కు సాగదీసుకుని ఎవరినో చూపిస్తున్నట్టుంది.

సుకీర్తి తలలైటు దాని మీదికి తిప్పింది. ఇలాంటిది శిక్షణలో బొమ్మల్లో చూడడమే కానీ ఎదురుగా చూడడం ఇదే మొదటిసారి. ఎబెనేజర్‌కి ఫొటో పంపాలని చెయ్యి దురద పెట్టింది.

“ఈ బల్బు లోపల గాలిలాంటి వాయువు నింపి ఉంటుంది. వేడి తగిలిన పక్క గాజు మెత్తబడుతుంది. లోపలి వాయువు అటువైపే నెడుతుంది. అంటే బల్బు ఏ పక్కకి ఉబ్బిందో మంట ముందుగా ఆ పక్కనే మొదలైందన్నమాట. మీ స్విచ్‌బోర్డు ఎడమ గోడకి ఉంది. ఇది ఎటు చూస్తోంది?”

కూర్మారావు తల తిప్పాడు. బల్బు ముక్కు కుడివైపు, వీధి కిటికీ మూలకి తిరిగి ఉంది.

“ఏటో, కోటప్పకొండ తిరనాళ్ళలో చిలకజోస్యంలాగుంది,” అని గొణిగాడు. కానీ కర్ర మాత్రం చంకలో పెట్టేసుకున్నాడు.

కిటికీ మూల కాలిన తీరు చూడగానే అర్థమవుతోంది. చెక్క చట్రం బొగ్గయి సగానికి తరిగిపోయింది. పైకప్పు మీద మసి అక్కణ్ణించే విసనకర్రలా విచ్చుకుంది. సుకీర్తి మోకాళ్ళ మీద కూర్చుని బూడిదని కుంచెతో నెమ్మదిగా జరపసాగింది. ముందు వెదురుపుల్లలు. తరవాత ఒక మడతలో కాలకుండా మిగిలిన ఎర్రకాగితం ముక్క, దాని అంచున వెండిరంగు తళుకు.

“క్రిస్మస్ నక్షత్రం,” అంది.

“ఈ పేటలో ప్రతి కిటికీకీ ఉంటుంది. మీ ఇంటికి లేదా?”

“ఉందండీ. నిచ్చెన నేను పట్టుకుంటే ఆయన కట్టాడు. మూడుసార్లు వంకరగా కట్టాడు.” ఆమె చేతికి బల్బు హోల్డరు తగిలింది. నల్లగా మాడిపోయి ఉంది. గుడ్డతో తుడిచి తలలైటు కింద పట్టుకుంది. అంచు మీద అచ్చుపోసిన చిన్న అక్షరాలు: గరిష్ఠం 15 వాట్లు. ఆ పక్కనే లోహపు బల్బు మూతి, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన గాజుకాడ. ఇంకో రెండు చేతుల బూడిద జరిపాక, బల్బు నెత్తిమీది గాజుపెంకు ఒకటి బయటపడింది.

దాని మీది అంకెని సుకీర్తి లైటు కింద పెట్టి చదివింది.

“రెండొందలు!”

“ఏటి రెండొందలు?”

“పదిహేను వాట్ల నక్షత్రంలో రెండొందల వాట్ల బల్బు!”

కూర్మారావు వంగి చూశాడు. మీసం ఒకసారి ఎగిరిపడింది. అయినా పట్టు వదల్లేదు. “అబద్ధం. అంత బల్బు పెడితే ఎంసీబీ పడిపోదా? కరెంటు ఆగిపోదా?”

“అదేనండీ అందరూ చేసే పొరపాటు! రెండొందల వాట్లంటే ఒక్క ఆంపియర్ కూడా కాదు. ఎంసీబీకి అది లెక్కే కాదు. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె దీనికి ఐదింతలు లాగుతుంది. తీగలకి ఏ ఇబ్బందీ లేదు. హోల్డరు కూడా అడ్డుపడదు, పదిహేనుదీ రెండొందలదీ అదే మూతి, రెండూ చక్కగా కూర్చుంటాయి. కానీ ఆ పదిహేను అని రాసింది తీగల కోసం కాదు. చుట్టూ ఉన్న కాగితం కోసం.” ఆమె మాట వేగం పెరిగిపోయింది. “ఇలాంటి బల్బు కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. గాలాడని కాగితపు డబ్బాలో ఆ వేడి ఎక్కడికి పోతుంది? ముందు కాగితం పసుపు రంగుకి తిరుగుతుంది. తరవాత గోధుమరంగు. హోల్డరు మెత్తబడి బల్బు ఒరుగుతుంది, గాజు కాగితాన్ని ముట్టుకుంటుంది. అంతే!”

“సరే. ముసలావిడే పెట్టుకుని ఉంటుంది. పసుపు వెలుగంటే ఇష్టం కదా.”

“మోకాళ్ళు అరిగి గడప దాటడానికే చేతికర్ర పట్టుకునే మనిషి కుర్చీ ఎక్కి కట్టిందా? నక్షత్రం తనే కట్టానని ప్రవీణ్ పోలీసులకి చెప్పాడు. అందులో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ పెట్టానన్నాడు. ఎల్‌ఈడీ కాలితే అల్యూమినియం ముక్కా, చిన్న చుక్కల పలకా మిగలాలి. ఈ బూడిదలో అవేవీ లేవు.”

కూర్మారావు కిటికీలోంచి వీధిలోకి చూశాడు. తరవాత నెమ్మదిగా, ఈసారి పోలీసు గొంతుతో అడిగాడు. “ఒక్కటి చెప్పండి. పడుకునే ముందు ఎవరైనా లైటు ఆర్పుతారు. ఆర్పితే మంట లేదు. ఆవిడ ఆర్పదని వాడికెలా తెలుసు?”

మంచి ప్రశ్న.

జవాబు టీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఎదురింటి ఏసుమణి, క్రిస్మస్‌కి ఇంటింటికీ తిరిగి పాడే చర్చి పాటల బృందంలో అందరికంటే పెద్దది. ఎబెనేజర్‌ని చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషి.

“తాగమ్మా కోడలా, అల్లం వేశాను. ఏటి, అలా మసి పూసుకున్నావు? మీ అత్తగారు చూస్తే నన్నంటుంది.”

“ఆంటీ, జ్ఞానరత్నమ్మగారు రాత్రిపూట నక్షత్రం ఆర్పేసి పడుకుంటారా?”

“పాటల రాత్రా? ఆర్పడమా?” ఏసుమణి కళ్ళు పెద్దవి చేసింది. “అరె, నీకింకా తెలీదు కదూ! మన సంఘంలో పాటగాళ్ళు వచ్చి గుమ్మంలో పాడేదాకా నక్షత్రం ఆర్పకూడదు. ఆర్పితే ఆ ఇంట్లో మమ్మల్ని వద్దన్నట్టే. జ్ఞానరత్నం అక్కకి అది మరీ పట్టింపు. వాళ్ళాయన చనిపోయిన ఏడు కూడా ఏడుస్తా కూర్చుంది కానీ ఆర్పలేదు. అందుకే ప్రతి ఏడూ మొదటి పాట ఈ గుమ్మంలోనే, పెద్దావిడ కదా. చీకటి పడగానే పాడేస్తాం, ఆవిడ ఆర్పుకుని పడుకుంటుంది.”

“ఈ ఏడు?”

“ఈ ఏడు ఆఖర్న పెట్టారు. మేం వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. పాపం, చూసీ చూసీ వెనకగదిలో నడుం వాల్చింది.”

సుకీర్తి చేతిలో టీకప్పు ఆగిపోయింది. “ఎవరు పెట్టారాంటీ ఆఖర్న?”

“పాటల లీడరు ప్రవీణే కదా. ‘పెద్దమ్మ గుమ్మంలో ఆఖరి పాట పాడి అక్కడే కేకు కోద్దాం’ అన్నాడు. బాగానే ఉంది కదా అనుకున్నాం.”

“ఆ రాత్రి అతను మీతోనే ఉన్నాడా?”

“నిమిషం కూడా పక్కకి పోలేదు. గిటారు వాడిదే. మీ ఆయన్నే అడుగు, పక్కన డోలక్ వాయించాడు.”

సుకీర్తికి శనివారం రాత్రి గుర్తొచ్చింది. ఆ రాత్రి ఎబెనేజర్ గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చాడు. ఆమె వేడినీళ్ళలో ఉప్పు వేసి ఇచ్చింది. ఊరంతటినీ సాక్షులుగా పక్కన పెట్టుకుని, మైళ్ళ దూరంలో పాటలు పాడుతూ, ఒక మనిషి ఈ గదికి నిప్పు పెట్టాడు. అగ్గిపుల్ల వాడలేదు. ఆవిడ భక్తినే వాడుకున్నాడు.

“ప్రవీణ్‌కీ ఆవిడకీ గొడవేమైనా ఉందా?”

ఏసుమణి గొంతు తగ్గించింది. “ఈ ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటు కట్టిస్తానని వాడు. నేను బతికుండగా ఒక్క ఇటుక కదపనివ్వనని ఆవిడ. అయినా కోడలా, వాడు మంచివాడే. జుగ్సలాయిలో కోడిపిల్లల వ్యాపారం, అంతే, తన పనేదో తనది...”

టక్ మని చప్పుడైంది. కూర్మారావు చేతికర్ర కిందపడింది.

“కోడిపిల్లలు,” అన్నాడు. “నిన్న వాడి గోదాంలోనే కూర్చుని కేసు ఒప్పుకున్నాను. పిల్లలు చలికి చచ్చిపోకుండా పైన బల్బులు వేలాడగట్టాడు. నేను కూడా చేతులు కాచుకున్నాను. ‘ఇవి రెండొందల వాట్లవి సార్, బజార్లో దొరకవు, ఆర్డరిచ్చి తెప్పించుకుంటన్నాను’ అని గొప్పగా చెప్పాడు.” ఆయన సుకీర్తి వైపు చూడలేక నేలవైపు చూశాడు. “ముప్పయ్యేళ్ళ ఖాకీ. ఆ బల్బుల కిందే కూర్చుని వైరింగని రాశాను.”

“ఇప్పుడు తిరగరాద్దాం లెండి. ముందు ఆవిడతో మాట్లాడాలి. బల్బు ఎవరు పెట్టారో కళ్ళారా చూసింది ఆవిడే.” సుకీర్తి అప్పటికే ఆస్పత్రికి ఫోను కలిపింది.

నర్సు హిందీలో తాపీగా చెప్పింది: “దాదీ కో తో సుబహ్ హీ ఘర్ లే గయే. భాంజా ఆయా థా.” పొద్దున్నే చెల్లెలి కొడుకొచ్చి ఇంటికి తీసుకెళ్ళిపోయాడట.

“సీతారాండేరాలో వాడింటికి!” అంది ఏసుమణి. “నిన్న చర్చిలో చెప్పాడు. పెద్దమ్మకి ఈ ఏడు పాట అందలేదు, సాయంత్రం అందరూ మా ఇంటికొచ్చి పాడండి, అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.”

“ఆ ఇంట్లో వైరింగు ఎవరు చేశారు?”

కూర్మారావు జేబులోంచి కారు తాళం తీశాడు. “బలరామే. నిన్న ప్రవీణ్ అది కూడా చెప్పి నాచేత రాయించుకున్నాడు.”

అందరూ ఒకేసారి గేటు వైపు పరుగెత్తారు. కూర్మారావు తన పాత కారు తలుపు తీస్తూనే పోలీస్‌స్టేషన్‌కి ఫోను చేసి హిందీలో కేకలు పెట్టాడు. సుకీర్తి ముందు సీట్లో కూలబడింది. వెనక ఏసుమణి. ఆమె పక్కన ఇంకెవరో దబ్బున ఎక్కారు.

“నానూ వత్తన్నాను,” అంది సింహాచలమ్మ. “నా కొడుకుని నిలబెట్టే మనిషి బతకాల. నన్ను దిగమనకండి.”

ఎవరూ దిగమనలేదు. ఏసుమణి చెప్పిన జ్ఞానరత్నమ్మ సెల్ నంబరుకి సుకీర్తి ఫోను చేసి స్పీకరు పెట్టింది. మోగింది. మోగింది. మోగుతూనే ఉంది.

“ఎవరూ?” మందుల మత్తు నిండిన మెత్తని గొంతు.

“అమ్మగారూ, నేను సుకీర్తిని. ఎబెనేజర్ భార్యని. ఎలా ఉన్నారు?”

“ఓ, కొత్తకోడలా! బాగున్నానమ్మా. ప్రవీణ్ ఎంత బాగా చూసుకుంటున్నాడో. మంచం పక్కన కిటికీకి కొత్త నక్షత్రం కట్టాడు. పట్టపగలే వెలిగించేశాడు, ఏం వెలుగనుకున్నావు! గదంతా వెచ్చగా ఉంది.”

కూర్మారావు గేరు మార్చి గట్టిగా హారన్ కొట్టాడు.

“అమ్మగారూ, అది ఏ రంగు కాగితం?”

“తెల్లదమ్మా. పొద్దున తెల్లగానే ఉంది. ఇప్పుడు మధ్యలో కొంచెం పసుప్పచ్చగా... బంగారంలా వచ్చింది. చూడ ముచ్చటగా ఉంది.”

“దాన్ని ఇప్పుడే ఆర్పేయండి! మీకు స్విచ్ అందుతుందా?”

“అందుతుంది, చెయ్యి చాపితే ఇక్కడే. కానీ పాట పాడకుండా ఎలా ఆర్పుతానమ్మా?”

“మీ ఇల్లు కాలింది నక్షత్రం వల్లే! అందులో పెద్ద బల్బు పెట్టారు. ఇందులోనూ అదే ఉంది!”

“ఊరుకో తల్లీ,” అని ఆవిడ జాలిగా నవ్వింది. “నక్షత్రం మనిషిని చంపుతుందా? అది తీగల వల్లని పోలీసులే చెప్పారు. నా పెళ్ళయిన దగ్గర్నించి పాట కాకుండా ఆర్పలేదు. ఇవాళ ఆర్పను.”

“మీరు గదిలోంచి బయటికి రండి, పోనీ!”

“ప్రవీణ్ బయట గొళ్ళెం పెట్టి వెళ్ళాడమ్మా. లేచి పడిపోతానని. ఏదో కాగితం మాడిన వాసన వస్తోంది, పక్కింట్లో ఏం కాలుస్తున్నారో...”

కారు ముందు లారీ. లారీ ముందు ఇంకో లారీ. కూర్మారావు స్టీరింగ్ మీద పిడికిలితో గుద్దాడు. సుకీర్తి కళ్ళు మూసుకుంది. వాదించి గెలవడానికి సమయం లేదు. ఆవిడ నమ్మకాన్ని ఇప్పటికిప్పుడు విరగ్గొట్టడం తనవల్ల కాదు. విరగ్గొట్టడమెందుకు?

కళ్ళు తెరిచింది.

“అమ్మగారూ! పాటగాళ్ళం వచ్చేశాం! గుమ్మంలో ఉన్నట్టే అనుకోండి!”

విశాఖలో తన సండేస్కూలు టీచరు కట్టిన పాట ఎత్తుకుంది. “వచ్చె వచ్చె చల్లని రేయి, వాకిట నిలిచె చిన్ని రాజు...” వెనకనుంచి ఏసుమణి వరస పట్టేసి గొంతు కలిపింది. కూర్మారావు శ్రుతీ లయా లేకుండా, దేవుడెవరైనా సరే అన్నట్టు, హారన్ మధ్యలో గావుకేకలు పెట్టాడు. ఒక్క మాట కూడా రాని సింహాచలమ్మ ఏడుస్తూ తాళం వేసింది. పక్కన బండి మీద పోతున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

ఫోనులో ముసలి గొంతు కూడా కలిసింది. సన్నగా, పరవశంగా. పాట ఆఖరి చరణానికి వచ్చింది. దగ్గు తెర ఒకటి అడ్డుపడింది. మళ్ళీ పాడింది.

“ఆమెన్,” అన్నారందరూ.

“ఆమెన్. చాలా బాగా పాడారమ్మా,” అంది జ్ఞానరత్నమ్మ. “వెళ్ళి రండి మరి.”

టిక్.

అంత చిన్న చప్పుడు అంత అందంగా ఉంటుందని సుకీర్తి ఎప్పుడూ అనుకోలేదు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సింహాచలమ్మ వెనకనుంచి వంగి ఆమె జుట్టు ముద్దుపెట్టుకుంది. కూర్మారావు సందు దొరికిన చోట కారు దూర్చి, “సీతారాండేరా వచ్చేశాం! రెండు మలుపులు!” అని అరిచాడు.

“అమ్మగారూ, ఆ నక్షత్రాన్ని ముట్టుకోకండి. మంచానికి అవతలి చివరికి జరగండి. మేం వస్తున్నాం.”

“అలాగేనమ్మా. మీరొచ్చేశారేమిటి అప్పుడే? గొళ్ళెం తీస్తున్నారెవరో.”

సుకీర్తి నవ్వు ఆగిపోయింది. “మేం ఇంకా రాలేదండీ.”

ఫోనులో తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు మంచం దాకా వచ్చి ఆగింది. తరవాత మెత్తని, ఎంతో మర్యాదైన మగ గొంతు వినిపించింది.

“నక్షత్రం ఎందుకు ఆర్పేశావు, పెద్దమ్మా?”